మంది పెరిగితే మజ్జిగ పలచనేనా?

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం వ్రాసి ఇవ్వమని మన సంఘ కార్యదర్శి గారు కోరినప్పుడు, నేను పింఛను లెక్కల మీదనో, డి.ఎ. బకాయిల మీదనో వ్రాస్తానని చాలామంది అనుకొని ఉంటారు. వాటి మీద వ్రాయడానికి నాకంటే సమర్థులు మనలో ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ డిగ్రీ కళాశాలల ఆఫీసుల్లో గడిపినవాడిని. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. పాఠం చెప్పినవాడిని కాను. అడ్మిషన్ రిజిస్టర్లు వ్రాశాను, నామినల్ రోల్స్ పంపాను, అఫిలియేషన్ ఫైళ్ళు కట్టాను. చదువు గురించి ఆచార్యులు చెప్పే మాట ఒకటి, రిజిస్టరు చెప్పే మాట మరొకటి. ఈ వ్యాసం రిజిస్టరు వైపు నుంచి వ్రాసినదని మిత్రులు భావించాలి.

దీనికి కారణం కూడా చెప్పాలి. మొన్న డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం నాడు మన హాలులో టీ త్రాగుతూ కూర్చున్నప్పుడు చదువుల ప్రస్తావన వచ్చింది. “మన రోజుల్లో బి.ఎ. అంటే బి.ఎ. ఇప్పుడు వీధికొక కాలేజీ, ఇంటికొక ఇంజనీరు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని పెద్దలు ఊరికే అన్నారా!” అని ఒక పెద్దాయన అన్నారు. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదలలేదు. ఎందుకంటే ఆ ‘మంది’లో నేనొకడిని. చీరాల దగ్గర ఒక మగ్గం ఇంట్లో పుట్టి, మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడిని. 1966లో నేను పి.యు.సి.లో చేరిన రోజున కూడా ఎవరో ఒక పెద్దమనిషి ఇదే సామెత చెప్పి ఉంటారు.

అసలు మజ్జిగ ఎందుకు పలచనవుతుంది? పంక్తిలో జనం పెరిగినందుకా, పెరుగు పెంచకుండా నీళ్ళు పోసినందుకా? మన విశ్వవిద్యాలయాల చరిత్రను ఈ ఒక్క ప్రశ్నతో చూస్తే ఏమి కనిపిస్తుందో చెప్పడమే నా ఉద్దేశం.

పాఠం చెప్పని విశ్వవిద్యాలయాలు

మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయాలు 1857లో పుట్టాయి. సిపాయిల తిరుగుబాటు జరిగిన సంవత్సరమే కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాల చట్టాలు వచ్చాయి. 1854 నాటి ఉడ్ నివేదిక వాటికి మూలం. అప్పటి లండన్ విశ్వవిద్యాలయాన్ని నమూనాగా తీసుకొన్నారు. ఆ నమూనాలో ఒక విశేషం ఉంది. విశ్వవిద్యాలయం పాఠం చెప్పదు. పాఠం కాలేజీలు చెబుతాయి. విశ్వవిద్యాలయం సిలబస్ నిర్ణయించి, పరీక్ష పెట్టి, పట్టా ఇస్తుంది. ఇంకో మాటలో చెప్పాలంటే అది పెద్ద పరీక్షల ఆఫీసు.

ఆ రోజుల్లో ప్రమాణాలు గొప్పగా ఉండేవని అనుకొంటాం. 1858లో కలకత్తాలో జరిగిన మొట్టమొదటి బి.ఎ. పరీక్షలో ఉత్తీర్ణులైనవారు ఇద్దరే. వారిలో ఒకరు తరువాత గొప్ప నవలాకారుడైన బంకించంద్ర ఛటర్జీ. ఆ ఇద్దరికీ ఒక సబ్జెక్టులో మార్కులు చాలకపోతే కొన్ని కలిపి గట్టెక్కించారు. గ్రేస్ మార్కులు మన కాలంలో పుట్టిన జబ్బు అనుకొనేవారు ఈ సంగతి గమనించాలి. అప్పుడు మంది లేరు, ఉన్నది గుప్పెడు మంది. అయినా ఆ సమస్య ఉంది.

తరువాత కాలేజీలు పెరిగాయి. 1902లో లార్డ్ కర్జన్ ఒక కమిషన్ వేసి, 1904లో విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చాడు. కాలేజీలకు గుర్తింపు ఇవ్వడానికి షరతులు బిగించడం, విశ్వవిద్యాలయం తరఫున తనిఖీలు జరపడం, విశ్వవిద్యాలయాలు కూడా సొంతంగా బోధన, పరిశోధన చేపట్టే వీలు కల్పించడం అందులోని ముఖ్యాంశాలు. ప్రభుత్వం పెత్తనం పెంచుకోవడానికే ఈ చట్టం తెచ్చిందని ఆనాటి జాతీయ నాయకులు గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో నిజం ఉంది. అయితే మనలాంటి గుమాస్తాలు కట్టిన అఫిలియేషన్ ఫైలుకు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టుకు మూలపురుషుడు ఆయనే అన్నది కూడా నిజం.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పరిస్థితిని పరిశీలించడానికి మైకేల్ శాడ్లర్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. 1919లో అది ఇచ్చిన నివేదికలో ముఖ్యమైన మాట ఏమిటంటే, ఇంటర్మీడియట్ స్థాయి చదువు విశ్వవిద్యాలయం పని కాదని. దాన్ని వేరు చేసి ప్రత్యేక బోర్డుల క్రింద పెట్టాలి, డిగ్రీ మూడేళ్ళు ఉండాలి, పాఠం చెప్పే విశ్వవిద్యాలయాలు రావాలి అని సిఫారసు చేసింది. మన రాష్ట్రంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ 1969లో మొదలైంది, ఇంటర్మీడియట్ బోర్డు 1971లో ఏర్పడింది. అంటే ఆ ఫైలు యాభై ఏళ్ళు పెండింగులో ఉందన్నమాట. మనం ఆర్నెల్లు ఆలస్యం చేస్తే మెమో ఇచ్చేవారు!

ముందు పుస్తకం, తరువాత విద్యార్థి

తెలుగు నేల మీద రెండు విశ్వవిద్యాలయాలు ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయి. ఒకటి ఉస్మానియా, రెండు ఆంధ్ర.

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లో నిజాం ఫర్మానా జారీ అయింది. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పాలని సంకల్పం. అందుకు ముందుగా చేసిన పని అనువాద విభాగాన్ని స్థాపించడం. శాస్త్ర గ్రంథాలు, చరిత్ర గ్రంథాలు ఉర్దూలోకి తెచ్చే పని మొదలుపెట్టి, పారిభాషిక పదాలు తయారుచేసుకొని, ఆ తరువాత 1919లో తరగతులు ప్రారంభించారు. అప్పుడు విద్యార్థులు సుమారు 225 మంది, అధ్యాపకులు 25 మంది. అంటే ఒక అధ్యాపకుడికి తొమ్మిది మంది విద్యార్థులు. తెలుగు, కన్నడ, మరాఠీ పిల్లలకు ఉర్దూ మాతృభాష కాదు గనుక వారికి జరిగిన నష్టం వేరే చర్చ. కాని ముందు పుస్తకం, తరువాత విద్యార్థి అన్న ఆ వరుస మాత్రం మెచ్చుకోదగినది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్. ఆయన తరువాత 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిలో ఉన్నారు. తిరిగి 1936 నుంచి 1949 వరకు రెడ్డి గారే. ఈ ఇద్దరూ చేసిన పెద్ద పని భవనాలు కట్టించడం కాదు, మనుషులను వెదకి తెచ్చుకోవడం. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటివారు యువకులుగా వాల్తేరులో పాఠాలు చెప్పారు. రసాయన శాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి గారు, భౌతిక శాస్త్రంలో సూరి భగవంతం గారు అక్కడ పనిచేశారు. ఊరు చిన్నది, డబ్బు తక్కువ, అయినా పేరు దేశమంతా ప్రాకింది. పెరుగు చిక్కగా ఉండడం అంటే ఇదే.

కాని ఒక్క విషయం మరువరాదు. ఆ చిక్కని మజ్జిగ ఎంతమందికి దక్కింది? 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి పద్దెనిమిది మందే. కాలేజీ దాకా వచ్చిన ఆడపిల్లలు అరుదు. మాల మాదిగ పల్లెల నుంచి, మగ్గాల సందుల నుంచి, మన్యం నుంచి వచ్చినవారు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవారు. మనం ‘ఆ రోజుల్లో’ అని చెప్పుకొనే వాసి చిన్న గిన్నెలోని వాసి. పంక్తిలోకి మనల్ని రానివ్వని రోజుల మజ్జిగను పొగిడేటప్పుడు కొంచెం ఆలోచించాలి.

రాధాకృష్ణన్ గారు గీసిన గీత

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సుమారు 20 విశ్వవిద్యాలయాలు, 500 కళాశాలలు ఉన్నాయి. 1948లో రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఏర్పడింది, 1949లో నివేదిక ఇచ్చింది. రాశిని, వాసిని కలిపి ఆలోచించిన తొలి నివేదిక ఇదేనని నా అభిప్రాయం. బోధన జరిపే విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్, సైన్సు విభాగాల్లో 3,000 మందికి మించరాదని, అనుబంధ కళాశాలలో 1,500 మందికి మించరాదని అది గీత గీసింది. పరీక్ష రోజులు కాకుండా ఏడాదికి కనీసం 180 పని దినాలు ఉండాలని చెప్పింది. విశ్వవిద్యాలయ విద్యలో ఒక్క సంస్కరణే సూచించమంటే పరీక్షల సంస్కరణనే సూచిస్తామని కూడా చెప్పింది. ఆ కమిషన్ సిఫారసు నుంచే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే మనకు తెలిసిన యు.జి.సి., 1953లో మొదలై 1956లో చట్టబద్ధమైంది.

ఈ సిఫారసులను ఒక్కసారి మన ఆఫీసు భాషలో చదవండి. ఎంతమందిని చేర్చుకోవాలి, ఎన్ని రోజులు పాఠం జరగాలి, పరీక్ష ఎట్లా ఉండాలి, డబ్బు ఎవరివ్వాలి. నాలుగే కాలములు. ఇందులో డబ్బు కాలము కొంత నిండింది, పరీక్షల కాలము మీద కమిటీల మీద కమిటీలు నడిచాయి. మొదటి రెండు కాలములు మాత్రం కాగితం మీదే ఉండిపోయాయి. సీట్ల పెంపు కోసం వచ్చినన్ని ఉత్తరాలు పని దినాల కోసం రావడం నేను నా సర్వీసులో చూడలేదు.

మా తరం వచ్చింది

1964 నుంచి 1966 వరకు పనిచేసిన కొఠారీ కమిషన్, విద్యార్థుల సంఖ్య ఇంకా బాగా పెరుగుతుందని ముందుగానే చెప్పింది. రెగ్యులర్ కాలేజీల్లో చేర్చుకొనేటప్పుడు అక్కడి వసతులను బట్టి ఎంపిక ఉండాలని, మిగిలినవారి కోసం సాయంకాలపు కళాశాలలు, ఉత్తరాల ద్వారా చదువు విరివిగా పెట్టాలని సూచించింది. మంచి కళాశాలలకు స్వయంప్రతిపత్తి ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ స్వయంప్రతిపత్తి 1978లో మద్రాసు వైపు కొన్ని కళాశాలలతో మొదలై, తరువాత మన వైపు వచ్చింది.

మన రాష్ట్రంలో ఆ కాలం పెద్ద మార్పుల కాలం. 1954లోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1967లో గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు, వరంగల్లులో ఉస్మానియా వారు పోస్టు గ్రాడ్యుయేటు కేంద్రాలు తెరిచారు. అవే 1976లో నాగార్జున, కాకతీయ విశ్వవిద్యాలయాలయ్యాయి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది, తరువాతి ఏళ్ళలో ఇంటర్మీడియట్‌లోనూ డిగ్రీలోనూ తెలుగు మాధ్యమం వచ్చింది. 1970 సెప్టెంబరులో వెలువడిన జి.ఓ. 1793 వెనుకబడిన తరగతులకు 25 శాతం సీట్లు కేటాయించింది. 1972లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ జి.ఓ. వచ్చేసరికి నా డిగ్రీ అయిపోయింది. నా తమ్ముడికి మాత్రం అందింది. మా అమ్మకు జి.ఓ. అంటే ఏమిటో తెలియదు, కాని ఆ నెంబరు మాత్రం ఆమెకు చివరిదాకా గుర్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కళాశాలలో ఆ మార్పు నా కళ్ళ ముందే జరిగింది. అడ్మిషన్ రిజిస్టరులో ‘తండ్రి వృత్తి’ అనే కాలము ఉంటుంది. మొదట్లో అందులో కరణం, ఉపాధ్యాయుడు, ప్లీడరు, భూస్వామి అని వ్రాసేవాడిని. పదేళ్ళు గడిచేసరికి కూలీ, రిక్షా, చేనేత, చాకలి, పశువుల కాపరి అని వ్రాస్తున్నాను. కొందరు తండ్రులు దరఖాస్తు మీద వేలిముద్ర వేసేవారు. ఆ వేలిముద్ర ప్రక్కన కొడుకు సంతకం చూస్తే నాకు కలిగిన సంతోషం ఏ ప్రమోషన్ ఆర్డరూ ఇవ్వలేదు.

కాని అదే ఆఫీసులో ఇంకో రిజిస్టరు కూడా ఉంది, స్టాఫు రిజిస్టరు. బి.కాం.లో ఒక సెక్షను మూడు సెక్షన్లయింది. మంజూరైన పోస్టులు మాత్రం పాతవే. ఒక లెక్చరరు బదిలీ అయి వెళితే ఆ ఖాళీ రెండేళ్ళు, మూడేళ్ళు ఉండేది. తెలుగు మాధ్యమం సెక్షను పెట్టిన మొదటి సంవత్సరం కొన్ని సబ్జెక్టులకు పుస్తకాలు రాలేదు. మాస్టారు ఇంగ్లీషు పుస్తకం చూస్తూ తెలుగులో నోట్సు చెప్పేవారు, పిల్లలు వ్రాసుకొనేవారు. ఉస్మానియాలో ముందు పుస్తకం వచ్చి తరువాత విద్యార్థి వచ్చాడని పైన వ్రాశాను. మా దగ్గర విద్యార్థి ముందు వచ్చాడు, పుస్తకం వెనుక నడిచి వచ్చింది. పిల్లలు తప్పిన పరీక్షకు పిల్లలనే నిందించారు.

అదే సమయంలో ఎదురు ఉదాహరణ కూడా మన రాష్ట్రంలోనే పుట్టింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డి గారు. తరువాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి కూడా మొదటి వైస్ ఛాన్సలరుగా ఆయననే తీసుకొన్నారు. ఇక్కడ పదో తరగతి చదవనివారు కూడా అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరే వీలు ఉండేది. అందుకని దాన్ని చిన్నచూపు చూసినవారు ఉన్నారు. కాని అక్కడ అనుసరించిన పద్ధతి చూడండి. తరగతి గది ఉండదు గనుక, దాని స్థానంలో ఏమేమి ఉండాలో ముందే ఆలోచించారు. విద్యార్థి తనంతట తాను చదువుకొనేట్లు పాఠాలు ప్రత్యేకంగా వ్రాయించారు, అధ్యయన కేంద్రాలు పెట్టారు, రేడియో పాఠాలు ప్రసారం చేశారు. మా కళాశాలలో కూడా ఆదివారాలు అధ్యయన కేంద్రం నడిచేది. బస్సు కండక్టర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పెళ్ళయి చదువు మానేసిన ఆడపిల్లలు వచ్చేవారు. వేల మందిని చేర్చుకొన్నా, చేర్చుకొనే ముందు ఏర్పాటు చేసుకొంటే చదువు నిలబడుతుందని అక్కడ చూశాను.

ఒకే సిరాతో వ్రాసిన రిజిస్టరు

ఇక ప్రైవేటు కళాశాలల కాలం. 1983లో మన రాష్ట్రం కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులోను, 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులోను సుప్రీంకోర్టు ప్రైవేటు కళాశాలల సీట్లు, ఫీజుల గురించి తీర్పులు ఇచ్చింది. వాటిలో మొదటి కేసు మన రాష్ట్రానిదే. కాలేజీలు పెరిగాయి. 1972లో ఏర్పడిన జె.ఎన్.టి.యు. క్రింద కళాశాలలు మోయలేనన్ని అయ్యాయి. 2008లో దాన్ని హైదరాబాదు, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడదీశారు. అదే కాలంలో ఫీజు రీయింబర్సుమెంటు పథకం వచ్చింది. ఎన్నో పేద ఇళ్ళ పిల్లలు ఇంజనీర్లయ్యారు, అది మంచి పని. అయితే 2010 ప్రాంతానికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కళాశాలలు ఏడు వందల దాకా అయ్యాయి. అన్నింటికి అధ్యాపకులు ఎక్కడి నుంచి వచ్చారు? తరువాతి సంవత్సరాల్లో వాటిలో ఎన్నో మూతపడ్డాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1990ల చివరలో, ఒక ప్రైవేటు కళాశాలకు తనిఖీ బృందం వెళుతుంటే కాగితాల పనికి నన్ను వెంట పంపారు. ఊరు పేరు, కాలేజీ పేరు ఇప్పుడు అనవసరం. భవనం కొత్తది, మర్యాదలు ఘనంగా జరిగాయి. అధ్యాపకుల జాబితా నిండుగా ఉంది. స్టాఫు రూములో కూర్చున్న ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి, “సార్, నా పేరు ఎదురుగా ఏ సబ్జెక్టు వ్రాశారో కొంచెం చూసి చెబుతారా?” అని మెల్లగా అడిగాడు. లైబ్రరీకి వెళ్ళి యాక్సెషన్ రిజిస్టరు తెరిచాను. అయిదేళ్ళ నమోదులు. తేదీలు వేరు వేరు. కాని అన్నీ ఒకే సిరా, ఒకే చేతివ్రాత, ఒకే కూర్చుని వ్రాసిన వరుస. పాతికేళ్ళు రిజిస్టర్లు వ్రాసినవాడికి ఆ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

బృందంలోని ఒకరితో ఆ మాట అన్నాను. “మన పని ఫారం నింపడం అండీ, మిగతాది పైవాళ్ళు చూసుకొంటారు” అన్నారు. నేను ఫారం నింపాను. ‘గ్రంథాలయం: తృప్తికరం’ అని నా చేతులతోనే టైపు చేశాను. ఒక చిన్న నోటు పెట్టి ఉండవచ్చు. పెట్టలేదు. మనకెందుకని అనుకొన్నాను. ఆ కాలేజీలో ఆ తరువాత చేరిన పిల్లలు ఆ కాగితాన్ని నమ్మి చేరారు. వారి చదువు పలచన అయి ఉంటే, ఆ నీళ్ళలో ఒక చెంబు నేను పోసినదే.

లెక్క ఎక్కడ తప్పింది

ఇప్పుడు అంకెలు చూద్దాం. 2021-22 సంవత్సరపు అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్నవారు 4 కోట్ల 33 లక్షలు. వారిలో స్త్రీలు 2 కోట్ల 7 లక్షలు. విశ్వవిద్యాలయాలు 1,168, కళాశాలలు 45 వేలకు పైన. ఇంత పెరిగినా, చదవవలసిన వయసు ఉన్న నూరు మందికి ఉన్నత విద్యలో ఉన్నవారు 28 మందే. 2035 నాటికి దీన్ని 50కి చేర్చాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. కనుక మంది ఇంకా పెరుగుతారు, పెరగాలి కూడా.

వాసి కోసం ఏమీ చేయలేదని అనను. మన రాష్ట్రంలో 1988లో ఉన్నత విద్యామండలి ఏర్పడింది. 1994లో బెంగుళూరులో న్యాక్ వచ్చింది. కళాశాల తన గురించి తానే వ్రాసుకొన్న నివేదికను బయటివారు వచ్చి చూసి గ్రేడు ఇచ్చే పద్ధతి పెట్టారు. దాని వల్ల ఎన్నో కళాశాలల్లో పైకప్పులు బాగుపడ్డాయి, మరుగుదొడ్లు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. మొదటిసారి ఆ నివేదిక తయారు చేసినప్పుడు నేనూ రాత్రిళ్ళు కూర్చున్నాను. కాని ఏ గ్రేడు అయినా కాగితం మీదనే ఆధారపడుతుంది, కాగితం ఎట్లా తయారవుతుందో పైన చెప్పాను. 2020 విధానం అఫిలియేషన్ పద్ధతినే పదిహేనేళ్ళలో క్రమంగా తొలగిస్తామంటోంది. 1857లో నాటిన చెట్టును కొట్టివేస్తామన్నమాట. కొట్టివేసిన చోట ఏమి నాటుతారన్నదే ప్రశ్న. చిన్న ఊళ్ళలోని కళాశాలలు తమ పట్టాలు తామే ఇచ్చుకోవాలంటే, ముందు వాటికి పూర్తి స్థాయి అధ్యాపకులు ఉండాలి.

నూట అరవై ఏళ్ళకు పైబడిన ఈ కథలో నాకు కనిపించినది ఇది. సంఖ్య పెరిగిన ప్రతిసారి మనం కొలిచే పద్ధతిని మార్చాము. పరీక్ష మార్చాము, సెమిస్టరు పెట్టాము, ప్రవేశ పరీక్ష పెట్టాము, గ్రేడు పెట్టాము, తనిఖీ పెట్టాము. ఇవన్నీ గిన్నెలో మజ్జిగ ఎంత పలచనగా ఉందో చూపే గరిటెలు. పెరుగు పోయడం అంటే అధ్యాపకుడి పోస్టు నింపడం, పుస్తకం కొనడం, ప్రయోగశాలలో సామాను ఉంచడం, పాఠం జరిగే రోజులు పెంచడం. అవి ఖర్చుతో కూడిన పనులు గనుక వాయిదా పడుతూ వచ్చాయి. రెగ్యులర్ పోస్టుల ఖాళీలలో కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్టు లెక్చరర్లు వచ్చారు. వారిలో ఎంతో శ్రద్ధగా పాఠం చెప్పినవారిని నేను ఎరుగుదును. కాని వచ్చే ఏడాది ఉంటానో లేదో తెలియని మాస్టారు మూడేళ్ళ పిల్లవాడి బాధ్యత ఎట్లా తీసుకోగలడు?

వాల్తేరులో రెడ్డి గారు, రాధాకృష్ణన్ గారు చేసినది గాని, ఉస్మానియాలో అనువాద విభాగం చేసినది గాని, సార్వత్రిక విశ్వవిద్యాలయం చేసినది గాని ఒక్కటే. విద్యార్థి వచ్చే లోపు మనిషినో పుస్తకాన్నో సిద్ధం చేయడం. మొదటి రెండూ కొద్దిమందికి, మూడవది వేలమందికి. కనుక ఇది కొద్దిమందికి మాత్రమే సాధ్యమని అనడానికి వీలులేదు.

చివరగా మన సంఘ సభ్యులకు ఒక మనవి. మనలో చాలామందికి మనుమలు, మనుమరాళ్ళు కాలేజీల్లో చేరుతున్నారు. చేర్పించే ముందు ప్లేసుమెంట్ల గురించి, ఫీజు గురించి అడుగుతాం. నాలుగు ప్రశ్నలు అదనంగా అడుగుదాం. ఈ కోర్సుకు రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది? పోయిన ఏడాది పాఠం జరిగిన రోజులు ఎన్ని? లైబ్రరీలో పోయిన ఏడాది కొన్న పుస్తకాలు ఎన్ని? ప్రయోగశాలలో ఒక పరికరం దగ్గర ఎంతమంది నిలబడతారు? ప్రభుత్వ కళాశాలలో అయితే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద ఈ వివరాలు కోరవచ్చు. దరఖాస్తు వ్రాయడం మనకంటే బాగా ఎవరికి వచ్చు? జవాబులో ఏమి దాచారో పసిగట్టడం కూడా మనకే వచ్చు, ఎందుకంటే అటువంటి జవాబులు వ్రాసినవాళ్ళం మనమే.

మా మనుమరాలు ఇంజనీరింగు రెండో సంవత్సరం. ఈ నాలుగు ప్రశ్నలు ఆమెను అడిగాను. “తాతయ్యా, సెమిస్టరు మధ్యలో ఇద్దరు సార్లు వెళ్ళిపోయారు, ఇంకొకరే రెండు సబ్జెక్టులూ చెబుతున్నారు” అంది. మరి మీరెవరూ అడగలేదా అంటే, “ఎవరిని అడగాలి?” అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఒక కాగితం తీసుకొని కూర్చున్నాను. ఆ రోజు పెట్టని నోటు ఇప్పుడైనా వ్రాయాలని ప్రిన్సిపాలు గారికి ఒక ఉత్తరం, విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు గారికి ఒక నకలు వ్రాసి, రిజిస్టర్డు పోస్టులో పంపాను. అందినట్లు రసీదు వచ్చింది. జవాబు ఇంకా రావలసి ఉంది.